ఒక్క పెట్టె తేనెటీగలే మీదికొస్తున్నాయి: రాణిని మార్చాలా, పెట్టెనే తీసేయాలా?

మీరు రాసినదాన్ని కుదించి చెబితే సంగతి ఇది. పరకాల దగ్గర పత్తి చేను గెట్టు మీద ఆరు ఇటాలియన్ ఈగల (మెల్లిఫెరా) పెట్టెలు ఉన్నాయి. ఐదు నెమ్మదిగానే ఉన్నాయి. ఆరో పెట్టె ఈగలు మాత్రం రెండు వారాల నుంచి మూత ముట్టకముందే మీదికొస్తున్నాయి, బోరు స్టార్టర్ డబ్బా దాకా నలభై మీటర్లు వెంటపడుతున్నాయి, పక్క రైతు బర్రెను కుట్టాయి. ఆయన పెట్టెను తగలబెట్టమంటున్నాడు. రాణిని మారిస్తే నెమ్మదిస్తాయా, పెట్టెనే వదిలించుకోవాలా అని అడిగారు.

తగలబెట్టొద్దు. అలాగని రేపే రాణిని కూడా మార్చొద్దు. ఈ రాత్రే పెట్టెను మనుషులకు, పశువులకు దూరంగా తరలించండి. ఆ తర్వాత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట "రెండు వారాల నుంచి" అన్నది. రాణి గుణం వల్ల వచ్చే కోపం రెండు వారాల్లో రాదు. కొత్త రాణి పెట్టిన గుడ్డు కూలి ఈగగా బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది, ఆ ఈగ ద్వారం దగ్గర కాపలాకు నిలబడే వయసుకు రావడానికి ఇంకో రెండు మూడు వారాలు. కాబట్టి రాణి మారిన పెట్టె గుణం నెల, నెలన్నర మీద కొద్దికొద్దిగా మారుతుంది. ఉన్నట్టుండి మారిందంటే దాన్ని ఏదో పీడిస్తోందని ముందు అనుమానించాలి. ఆ పీడ తొలగిస్తే చాలా పెట్టెలు వారం పది రోజుల్లో మామూలైపోతాయి. ఏ కారణమూ దొరక్కుండా కోపం నిలిచే ఉంటే అప్పుడు రాణి మార్పే మందు. దాని ఫలితం పూర్తిగా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

ఈ రాత్రి చేయాల్సింది

మంచి మెల్లిఫెరా పెట్టెను తెరిస్తే కాపలా ఈగలు నాలుగైదు మీటర్లు వెంట తిరిగి వెనక్కి పోతాయి. నలభై మీటర్లు వస్తున్నాయంటే ఆ పెట్టె బోరు దగ్గర, బాట దగ్గర ఉండటానికి వీల్లేదు. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి సన్న తీగ జాలీ కొట్టండి. గుడ్డ కుక్కొద్దు. గాలి ఆడకపోతే లోపల వేడెక్కి మైనం మెత్తబడుతుంది, ఈగలు కుప్పలుగా చస్తాయి. అడుగు పలక, పెట్టె, మూత కదలకుండా రెండుచోట్ల బెల్టుతో బిగించండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఎరుపు వెలుగు ఈగలకు కనిపించదు. చీకట్లో ఈగ ఎగరదు, పాకుతూ కాళ్ల మీదుగా పైకి ఎక్కుతుంది. అందుకని ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దూర్చి రబ్బరు బ్యాండు వేసుకోండి. బండిలో ఫ్రేములు (ఈగలు గూళ్లు కట్టే చెక్క చట్రాలు) బాట పొడవునా ఉండేట్టు పెట్టాలి. అడ్డంగా పెడితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఫ్రేములు ఒకదానికొకటి కొట్టుకుని ఈగలు నలుగుతాయి.

తీసుకెళ్లేది కనీసం మూడు కిలోమీటర్ల అవతలికి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. రెండు చేన్ల అవతలికి జరిపితే మేతకు పోయే ముసలి ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి. పెట్టె కనపడక బోరు చుట్టూ తిరుగుతూ ఇంకా చికాకు పడతాయి. ఇల్లు, బడి, పశువుల బాట వంద మీటర్ల లోపల లేని చోటు చూసుకోండి. చెట్టు నీడ, దగ్గర్లో నీళ్లు ఉండాలి. ఆ చేను ఆసామికి ముందే చెప్పండి.

ఈ వారం తరలించడం కుదరకపోతే మిర్చి నారుకు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను పెట్టె ద్వారం ముందు మీటరున్నర దూరంలో, రెండు మీటర్ల ఎత్తున, మూడు వైపులా కట్టండి. బయటికొచ్చే ఈగలు నెట్ దాటడానికి పైకి లేచి మనిషి తల మీదుగా పోతాయి. ఇది వెంటపడటాన్ని ఆపదు, ఎదురుపడటాన్ని తగ్గిస్తుంది. మోటారు, ట్రాక్టరు, గడ్డి కోసే మిషన్ అదురు ఈగలను రేపుతుంది కాబట్టి బోరును చీకటి ఉండగానే వేయండి. పక్క రైతుకు ఒక మాట గట్టిగా చెప్పండి: ఆ చుట్టుపక్కల పశువును కట్టేయొద్దు. తాడుకు ఉన్న బర్రె పారిపోలేదు. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే.

కోపానికి కారణం వెతకడం

ముందుగా ఆరు పెట్టెలనూ ఒకే రోజు, ఒకే గంటలో చూడాలి. ఎండ ఉండి గాలి లేని రోజు, పొద్దున పది నుంచి పన్నెండు లోపల. ఆ వేళకు ముసలి ఈగలు చాలావరకు మేతకు పోయి ఉంటాయి. ముసురు పట్టిన రోజు, ఉరుము వచ్చే ముందు, మాపటేళ ఏ పెట్టె తెరిచినా కోపంగానే ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. కోపం పెట్టెను అన్నిటికన్నా చివర తెరవండి. ఎందుకంటే కుట్టిన చోట ముల్లుతో పాటు మాగిన అరటిపండు లాంటి వాసన ఒకటి అంటుకుంటుంది. "ఇక్కడ కుట్టండి" అని మిగతా ఈగలకు అది పిలుపు. మొదట ఆ పెట్టె తెరిస్తే ఆ వాసన గ్లౌజులకు పట్టి మిగతా ఐదూ రేగుతాయి.

ఆ గ్లౌజులను కూడా అనుమానించండి. తోలు గ్లౌజుల్లో పాత ముళ్లు దిగబడి ఉంటే ప్రతిసారీ పెట్టె తెరిచేదాకా ఆగకుండా ఈగలు చేతుల మీదికి వస్తాయి. చాకలి సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి ఉతికి ఎండేయండి, సూటును కూడా. సెంటు, కొబ్బరినూనె, చెమట కంపు, మందు తాగిన వాసన, ఇవేవీ పనికిరావు. పెట్టెల దగ్గరికి వెళ్లే ముందు అరటిపండు తినొద్దు. నల్ల బట్ట, ఉన్ని బట్ట కన్నా తెల్ల నూలు బట్ట మేలు.

ఆరూ చికాకుగా ఉంటే అది కరువు కోపం. మన వైపు వానాకాలంలో ఇది సాధారణం. మక్క పూత ఈగలకు పుప్పొడి ఇస్తుంది కానీ తేనె ఇవ్వదు. పుప్పొడి వస్తుంటే రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది, పిల్ల (గూళ్లలోని గుడ్లు, పురుగులు) పెరుగుతుంది, తేనె నిల్వ మాత్రం పడిపోతుంది. అటువంటి పెట్టె ఉన్న కాస్త తేనెను కాచుకోవడానికి మీదపడుతుంది. ఎండాకాలంలో వేప, కానుగ పూత అయిపోయి ఎండ ముదిరాక ఇదే మళ్లీ వస్తుంది. అప్పుడు నీళ్ల కొరత తోడవుతుంది. మీ ఐదు పెట్టెలు నెమ్మదిగా ఉన్నాయి కాబట్టి కరువు ఒక్కటే కారణం కాకపోవచ్చు. అయినా ఆరో పెట్టెను వెనక నుంచి ఎత్తి బరువు చూడండి. మిగతా వాటికన్నా తేలిగ్గా లేస్తే ఆకలి ఉంది.

ఆకలికి చక్కెర పానకం: కిలో చక్కెరకు లీటరు నీళ్లు. నిల్వ బాగా అడుగంటితే రెండు కిలోలకు లీటరు. పొద్దుగూకాక, పెట్టె లోపలి ఫీడర్‌లోనే పోయాలి, ఒక్క చుక్క బయట కారకూడదు. బెల్లం పానకం ఎప్పుడూ పోయొద్దు. బెల్లంలోని మలినాలు ఈగలకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి.

దోపిడీ. ఒక్క పెట్టె మాత్రమే రేగితే నేను ముందు చూసేది ఇదే. ద్వారం దగ్గర ఈగలు జంటలు జంటలుగా కలబడి కింద దొర్లుతుంటే, నూగు రాలి నల్లగా నిగనిగలాడే ఈగలు పెట్టె మూలల్లో, మూత సందుల్లో దారి వెతుకుతుంటే, అడుగు పలక మీద మైనం పొట్టు రాలి ఉంటే, పక్క పెట్టెలు దీన్ని దోచుకుంటున్నాయి. రోజంతా పోరాడుతున్న పెట్టె మనిషినీ శత్రువుగానే చూస్తుంది. ద్వారాన్ని ఒకటి రెండు ఈగలు పట్టే సందుకు కుదించండి. పెట్టె చీలికలను తడి మట్టితోనో టేపుతోనో మూయండి. ద్వారం ముందు తడి గోనెపట్టా వేలాడదీస్తే దొంగలు దారి తప్పుతాయి, సొంత ఈగలు పక్క నుంచి దారి చేసుకుంటాయి. తేనె తీసిన ఫ్రేములను ఆరుబయట ఈగలకు "నాకడానికి" పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. దోపిడీ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

కందిరీగలు. వానాకాలం చివర్లో, పత్తి కాసే రోజుల్లో పెద్ద కందిరీగలు ద్వారం ముందు గాల్లో నిలబడి వచ్చే పోయే ఈగలను పట్టుకుపోతాయి. ద్వారం ఎత్తు 5.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఈగ దూరుతుంది, కందిరీగ దూరదు. కరెంటు దోమల బ్యాటుతో పొద్దున, సాయంత్రం నాలుగు రోజులు కాపు కాస్తే తాకిడి బాగా తగ్గుతుంది. గూడు దొరికితే తెలిసినవాళ్ల చేత రాత్రిపూట తీయించండి.

రాత్రి కలత కూడా ఉంటుంది. ద్వారం ముందు నేల మీద కప్పల రెట్టలు, పెట్టె ముందుభాగం మీద గీతలు ఉన్నాయేమో చూడండి. పెట్టె నేలకు ఆనుకుని ఉంటే అడుగున్నర ఎత్తు స్టాండు మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలి. గండుచీమలు ఆగేది దానితోనే. ములుగు, ఏటూరునాగారం అడవి అంచున పెట్టెలు పెట్టేవాళ్లకు ఎలుగుబంటి బెడద వేరే.

పురుగుమందు కొట్టడం సంగతి మీరు రాయలేదు. పెట్టెలు పత్తిలో ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. ద్వారం ముందు చచ్చిన ఈగలు కుప్పగా పడి, నాలుక చాచి ఉంటే, బతికినవి గిరగిరా తిరుగుతుంటే అది మందు దెబ్బ. మందు తగిలిన పెట్టె కొన్నాళ్లు చిరచిరలాడుతూ ఉంటుంది. పక్క రైతును పొద్దుగూకాక, ఈగలు ఇంటికి చేరాక కొట్టమని అడగండి. బర్రె సంగతి మాట్లాడటానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి రెండు మాటలూ ఒకేసారి తేల్చుకోండి.

చివరిది, రాణి లేకపోవడం. మూత తీయగానే సన్నటి హుమ్ అనే శబ్దం బదులు గుంపు గోడు లాంటి బుస్సుమనే మోత వస్తుంది. గుడ్లు కనిపించవు. గుడ్లు చూడాలంటే ఎండ మీ భుజం మీదుగా గది అడుగున పడేట్టు ఫ్రేము వంచి పట్టుకోండి. గది అడుగున బియ్యపు నూకలో సగం ఉండే తెల్లటి పుల్ల నిలబడి ఉంటుంది. గదికి ఒకటి, అడుగు మధ్యలో ఉంటే రాణి ఉన్నట్టే. ఒక్కో గదిలో మూడు నాలుగు, గోడలకు అంటుకుని ఉంటే కూలి ఈగలు గుడ్లు పెడుతున్నాయి. ఆ పెట్టెకు రాణిని ఇచ్చినా చంపేస్తాయి. పెట్టెను మిగతా పెట్టెలకు కొంత దూరంలోకి తీసుకుపోయి ఈగలన్నీ గడ్డి మీద దులిపి, అవి మిగతా పెట్టెల్లోకి చెదిరిపోయేలా వదిలేయడమే దారి.

పొగ సరిగ్గా పెట్టడం

చాలా పెట్టెలు పొగ తప్పుగా పెట్టడం వల్లే రేగుతాయి. పాత గోనెసంచి ముక్క, ఎండిన మక్క బెండ్లు, కొబ్బరి పీచు, పిడక ముక్క మంచివి. ఎరువుల ప్లాస్టిక్ సంచి, నూనె మరకలున్న గుడ్డ వాడొద్దు, కిరోసిన్ చుక్క కూడా పోయొద్దు. మంట బాగా అంటుకున్నాక పైన పచ్చిగడ్డి పిడికెడు కుక్కండి. పొగ తెల్లగా, చల్లగా రావాలి. ముంజేతి మీద ఊది చూసుకోండి, చేతికి కాలితే ఈగకూ కాలుతుంది. ద్వారంలోకి నాలుగైదు సార్లు ఊది రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే ఎవరూ చేయరు. పొగ కుట్టు వాసనను కప్పేస్తుంది, ఈగలు తేనె తాగి పొట్ట నింపుకోవడం మొదలుపెడతాయి. దానికి సమయం కావాలి. కుడితే ముల్లును గోటితో గీకేసి ఆ చోటు మీద పొగ ఊదండి, లేకపోతే తర్వాతి ఈగ అక్కడే కుడుతుంది.

కోపం పెట్టెకు మామూలు పల్చటి సూటు చాలదు, లోపల ఇంకో నూలు పొర ఉండాలి. ముసుగు జాలీ ముక్కుకు, చెవికి ఆనకూడదు. ఒంటరిగా వెళ్లొద్దు. బండి తాళం చెవి జేబులో ఉండాలి.

రాణిదే తప్పని ఎప్పుడు అనుకోవాలి

పైవన్నీ సరిచేసి, వారానికొకసారి చొప్పున మూడుసార్లు మంచి వాతావరణంలో చూడండి. ప్రతిసారీ మూడు సంగతులు రాసుకోండి: మూత తీసిన మొదటి నిమిషంలో ముసుగుకు ఎన్ని కొట్టుకున్నాయి, ఫ్రేము మీద ఈగలు నిలబడ్డాయా, గుంపుగా కిందికి పరుగెత్తాయా, వెనక్కి నడిచాక ఎన్ని మీటర్లకు వదిలాయి. మూడుసార్లూ ముప్పై మీటర్లు దాటి వస్తే అది పుట్టుకతో వచ్చిన గుణం. ఇక వాదన లేదు, రాణిని మార్చండి.

ఈ గుణం ఎలా వస్తుందంటే, రాణి గాల్లో పది ఇరవై పోతు ఈగలతో కలుస్తుంది. నెమ్మదైన పెట్టె రాణి ముసలిదై, ఈగలే మరో రాణిని పెంచుకున్నప్పుడు ఆ కొత్త రాణి చుట్టుపక్కల దొరికిన పోతులతో కలిసి వస్తుంది. తల్లి మంచిదైనా తండ్రుల గుణం దిగుతుంది. వీడియోల్లో చూపించే ఆఫ్రికా ఈగలు ఇవేమో అని కొందరు భయపడతారు. ఆ సంకర జాతి 1957లో బ్రెజిల్‌లో తప్పించుకున్న గుంపుల నుంచి అమెరికా ఖండాల్లో పాకింది. మీ పెట్టెలోవి మామూలు మెల్లిఫెరా ఈగలే, వాటిలోనే కొన్ని వంశాలు కోపిష్టివి.

ముసలి ఈగలను వేరు చేసి రాణిని మార్చడం

నలభై వేల ఈగలున్న కోపం పెట్టెలో నేరుగా రాణిని వెతకడం మొండితనం. కుట్టేవి దాదాపు అన్నీ ముసలి ఈగలే. వాటిని ముందు వేరు చేస్తే మిగిలిన పని తేలిక. కొత్త చోట పెట్టె కనీసం వారం కుదురుకుని, ఈగలు ఆ చోటును గుర్తుపట్టి ఉంటేనే ఈ ఉపాయం పనిచేస్తుంది.

ఎండ రోజు పదకొండింటికి పొగ పెట్టి, పెట్టెను తెరవకుండా అలాగే ఎత్తి పన్నెండు, పదిహేను మీటర్ల అవతల, ద్వారం అటువైపు తిరిగేట్టు పెట్టండి. పాత చోట ఖాళీ పెట్టె పెట్టి అందులో కట్టిన గూళ్లున్న ఖాళీ ఫ్రేములు మూడు నాలుగు పెట్టండి. వాటి మధ్యలో మీ నెమ్మదైన పెట్టె నుంచి ఈగలు దులిపిన ఒక పిల్ల ఫ్రేము ఉంచండి. మేతకు పోయిన ఈగలన్నీ తిరిగొచ్చి ఈ ఖాళీ పెట్టెలో చేరతాయి. పిల్ల ఉంది కాబట్టి అక్కడే నిలుస్తాయి. మర్నాడు మధ్యాహ్నానికి జరిపిన పెట్టెలో పిల్లను సాకే లేత ఈగలే ఎక్కువ. నిన్న మీదపడిన పెట్టె ఇదేనా అనిపిస్తుంది.

ఇప్పుడు తెరిచి రాణిని వెతకండి. అంచు ఫ్రేము తీసి పక్కన పెట్టి, ఒక్కో ఫ్రేమును పెట్టె మీదే పట్టుకుని చూడండి. గుడ్లున్న ఫ్రేముల మీద దొరుకుతుంది, పొడవాటి బంగారు రంగు పొట్ట, రెక్కలు పొట్టలో సగం దాకానే ఉంటాయి. పది నిమిషాల్లో దొరక్కపోతే వెతుకులాట ఆపండి. పిల్ల ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు అరల్లోకి సమంగా పంచి మధ్యలో క్వీన్ ఎక్స్‌క్లూడర్ జాలీ (కూలి ఈగలు దూరేది, రాణి దూరలేనిది) వేసి మూసేయండి. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది. నాలుగో రోజు తెరిస్తే ఏ అరలో గుడ్లు ఉన్నాయో రాణి ఆ అరలోనే ఉంది. వెతకాల్సింది సగమే.

పాత రాణిని తీసేసిన మర్నాడు కొత్త రాణిని బోనులో ఇవ్వండి. బోను నోట్లో పొడి చక్కెర, తేనె కలిపి చపాతీ పిండిలా గట్టిగా పిసికిన ముద్ద కుక్కాలి. దాన్ని తిని దారి చేసుకునే లోపల వాసన కలిసిపోతుంది. బోనును రెండు పిల్ల ఫ్రేముల మధ్య, జాలీ ముఖానికి ఈగలు చేరగలిగేట్టు ఇరికించండి. ఐదు రోజులు తెరవొద్దు. తెరిచినప్పుడు బోనులోనే ఉండి, ఈగలు జాలీని కరిచి పట్టుకుని వేలితో తోసినా కదలకపోతే ఇంకా ఒప్పుకోలేదని అర్థం. ఇంకో మూడు రోజులు ఉంచండి. తేలిగ్గా జరిగిపోతూ నాలుక చాచి మేత పెడుతుంటే వదలొచ్చు. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది ఒకచోట: పాత రాణి పోగానే ఈగలు పాత పిల్ల నుంచే రాణి గదులు కట్టేస్తాయి. ఏడో ఎనిమిదో రోజున ప్రతి ఫ్రేమూ దులిపి, వేరుశెనగ కాయలా వేలాడే ఆ గదులన్నీ చిదిమేయాలి. ఒక్కటి మిగిలినా పాత గుణమే మళ్లీ గద్దెనెక్కుతుంది. పాత చోటి ఖాళీ పెట్టెలోనూ అదే రోజు గదులు తీసేయండి.

వారం గడిచాక రాణి ఉన్న పెట్టెను రోజుకు మీటరు చొప్పున పాత చోటు వైపు జరుపుతూ రండి. అంతకన్నా ఎక్కువ జరిపితే ఈగలు దారి తప్పుతాయి. మూడు వారాలకు రెండూ పక్కపక్కన చేరతాయి, అప్పటికి ముసలి ఈగల్లో చాలావరకు ఆయుష్షు తీరిపోతుంది. కొత్త రాణి పిల్లకు మూతలు పడ్డాయని చూసుకున్నాక ఒక సాయంత్రం రాణి పెట్టె మీద రెండు వార్తాపత్రిక కాగితాలు పరిచి, సూదితో పది బెజ్జాలు పొడిచి, మిగిలిన ఈగల పెట్టెను పైన పెట్టండి. రెండు మూడు రోజుల్లో కాగితం కొరికేసి మెల్లగా కలిసిపోతాయి.

రాణిని కొనేటప్పుడు కలయిక జరిగి గుడ్లు పెడుతున్నదే కొనండి. వీలైతే అమ్మేవాళ్ల పెట్టెలు ఒకసారి తెరిపించి చూడండి. సొంతంగా పెంచుకుంటే ఖర్చు లేదు కానీ గుడ్డు నుంచి రాణి బయటికి రావడానికి 16 రోజులు, ఆ తర్వాత కలయికకు ఎగిరి వచ్చి గుడ్లు పెట్టడానికి దాదాపు ఇంకో పది రోజులు. నాలుగైదు రోజులు వాన వదలకపోతే ఆ ఎగురుడు ఆగిపోతుంది, రాణి పాడవుతుంది. అందుకని వానాకాలంలో కొనడమే నా సలహా. ఏది చేసినా కోపం పెట్టెలో బొడిపెల్లా ఉబ్బిన పోతు గదులను కోసేయండి, లేకపోతే ఆ పోతులు మీ మిగతా రాణులకు తండ్రులవుతాయి. చేత్తో నేర్చుకోవాలనుకుంటే మామునూరు, జమ్మికుంట, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాల్లో తేనెటీగల శిక్షణ ఎప్పుడుందో అడగండి.

ఇవన్నీ మెల్లిఫెరాకే. పెట్టెలో ఉన్నది నాటు పుట్టతేనె ఈగ అయితే ఇంతగా కదిలిస్తే పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతుంది. పొగ తక్కువ, తెరవడం తక్కువ, గుంపును రెండుగా చీల్చి చిన్నది చేయడం దానికి సరిపోతాయి. మెల్లిఫెరా రాణి దానికి పనికిరాదు. నీళ్ల ట్యాంకులకు, మర్రిచెట్లకు వేలాడే పెద్ద కొండతేనె పట్టు సంగతి పూర్తిగా వేరు. దాన్ని పెట్టెలో పెంచలేం, పొగ పెట్టి తరమాలని చూస్తే ఊరినే కుడుతుంది. పూత అయిపోతే అదే వలస పోతుంది.

కుట్టినప్పుడు

ముల్లు తీయడంలో ఎలా తీశారన్నది కాదు, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. విషపు తిత్తి ముల్లుతో పాటే ఉండి ఇంకా పంపుతూనే ఉంటుంది. సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. గుంపు మీదపడితే ముఖం కప్పుకుని ఇంట్లోకో బండిలోకో పరుగెత్తాలి. చేతులు ఊపొద్దు, బావిలో దూకొద్దు, జనం ఉన్నవైపు పోవొద్దు. కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, ఊపిరి ఆడకపోవడం, వాంతి, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అక్కడ కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, సెట్రిజిన్ బిళ్ల దానికి చాలదు. పదులకొద్దీ కుట్టిన మనిషి బాగానే ఉన్నాననిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి, విషం మోతాదు ఎక్కువైతే రెండు మూడు రోజుల్లో కిడ్నీల మీద పడుతుంది. పిల్లలకు తక్కువ ముళ్లే ప్రమాదం.

పెట్టెను చంపక తప్పనిది ఎప్పుడు

తరలించే చోటు లేదు, పక్కన బడి ఉంది, తెరవకుండానే మనుషులను కుడుతోంది అంటే వెనకాడొద్దు. చీకటి పడ్డాక ద్వారం పూర్తిగా మూసి, పది లీటర్ల నీళ్లలో పావు లీటరు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలిపి, మూత కొద్దిగా జరిపి ఫ్రేముల సందుల్లో ధారగా పోయండి. సబ్బు నీళ్లు వాటి ఊపిరి రంధ్రాలు మూసేస్తాయి, నిమిషాల్లో అయిపోతుంది. పెట్రోలు, పురుగుమందు వాడొద్దు. మందు మైనంలో ఉండిపోతుంది, ఆ తేనెను దోచుకున్న మీ ఐదు పెట్టెలు కూడా పోతాయి. సబ్బు తగిలిన తేనె, గూళ్లు పూడ్చేయండి. పెట్టె చెక్కను కడిగి ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

మీరు రాయనివి మూడు ఉన్నాయి: ఆరో పెట్టెలో ఎన్ని ఫ్రేముల నిండా ఈగలున్నాయి, రాణిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు, ఆ రెండు వారాల ముందు చుట్టుపక్కల ఎవరైనా మందు కొట్టారా. మొదటిసారి ఆరు పెట్టెలూ ఒకే గంటలో చూశాక వీటికి జవాబు రాయండి, ద్వారం ముందు నేల ఫోటో కూడా పెట్టండి.